స్విట్జర్లాండ్ టూర్‌కి ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టాలా? ముందు గైడ్ ఖర్చెంతో తేలుద్దాం

హన్మకొండ నుంచి ఒక సార్ రాశారు, పేరు వద్దన్నారు. వయసు 58, జెడ్పీ హైస్కూల్లో టీచరు, 2028లో రిటైర్మెంట్, పాత పెన్షన్ ఉంది. మేడం ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, మోకాళ్ల నొప్పులు. 2026 మేలో వాళ్ల పెళ్లయి 30 ఏళ్లు అవుతుంది, మేడంకి ఎప్పట్నుంచో స్విట్జర్లాండ్ మంచు కొండలు చూడాలని ఉంది. ఒక ఏజెన్సీ వాళ్లు 8 రాత్రులకి ఇద్దరికీ కలిపి 7,60,000 చెప్పారట, బస్సులో కాదు, అక్కడి రైళ్లు, పడవలు, కేబుల్ కార్లలోనే ఒక గైడ్ వెంట ఉండి తిప్పుతాడట. చేతిలో ఉన్నది 12 లక్షల ఎఫ్‌డీ, అది పాప పెళ్లికి. జనవరిలో చీటీ అయిపోతే 5 లక్షలు వస్తాయి, నెలకి 30 వేలు మిగులుతున్నాయి. "ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యాలా, ఏజెన్సీ ఇస్తానంటున్న నో కాస్ట్ (వడ్డీ లేని) ఈఎంఐ తీసుకోవాలా, లేక మాలాంటి వాళ్లకి ఇది అత్యాశా" అని అడిగారు.

సార్, ముందు ఆ చివరి మాట గురించి. అత్యాశ ఏమీ కాదు. 30 ఏళ్లు మీ ఇల్లు నడిపిన మనిషి ఒక్క కోరిక కోరితే దానికి డబ్బు సర్దే దారి వెతకడమే నా పని, వద్దని చెప్పడం కాదు. కానీ పాప పెళ్లి ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దు. పెనాల్టీ పెద్ద విషయం కాదు, మామూలుగా అర శాతమో ఒక శాతమో వడ్డీ తగ్గిస్తారు అంతే. అసలు భయం టైము, మన ఇళ్లల్లో సంబంధం కుదిరితే రెండు నెలల్లో ముహూర్తం పెట్టేస్తారు, అప్పుడు ఫంక్షన్ హాల్ వాళ్లు అడ్వాన్స్ అడిగితే మీరు ఆల్ప్స్ ఫొటోలు చూపించలేరు కదా.

సరే, లెక్కలోకి వద్దాం. ఇలాంటి టూర్‌లో ఒక సుఖం ఏంటంటే దాదాపు ప్రతి దాని రేటూ బయటికి కనిపిస్తుంది, బస్సు ప్యాకేజీలో బస్సు కిరాయి ఎంతో మనకి తెలీదు గానీ స్విస్ రైళ్ల పాస్ ధర ఎవరైనా చూసుకోవచ్చు. కాబట్టి ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే గైడ్‌కి, ఏజెన్సీకి కలిపి మీరు ఎంత ఇస్తున్నారో తేలిపోతుంది. అక్కడి డబ్బు ఫ్రాంకులు, ఒక్కోదానికి 110 రూపాయలు వేసుకుంటున్నాను.

స్విస్ ట్రావెల్ పాస్ 8 రోజులది సెకండ్ క్లాస్ 2025 రేటు 419 ఫ్రాంకులు, ఇద్దరికీ దాదాపు 92,000. దీంట్లో సీనియర్లకి తగ్గింపేమీ లేదు. హైదరాబాద్ నుంచి జ్యూరిక్‌కి గల్ఫ్ మీదుగా టికెట్లు ఇద్దరికీ 1,40,000 వేసుకోండి. త్రీ స్టార్ హోటల్ డబుల్ రూమ్ టిఫిన్‌తో సహా రాత్రికి 180 ఫ్రాంకులు అనుకుంటే 8 రాత్రులకి 1,58,000. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, టిట్లిస్ అనే మంచు కొండలు రెండూ ఎక్కితే పాస్ తగ్గింపు పోను ఇద్దరికీ 46,000. రాత్రి భోజనాలు 62,000. వీసాలు, ఇన్సూరెన్స్ 25,000. మొత్తం 5,23,000. మీకు చెప్పింది 7,60,000, అంటే మిగతా 2,37,000 గైడ్ జీతం, అతని రూము, అతని పాస్, ఏజెన్సీ ఆఫీసు ఖర్చు, వాళ్ల లాభం. రోజుకి దాదాపు 30 వేలు. ఇది మోసం అనట్లేదు నేను, మనిషిని వెంట పంపిస్తే ఖర్చవుతుంది. కానీ ఆ 30 వేలకి నాకేం వస్తోంది అని అడిగే హక్కు మీకుంది.

దీనిపైన ఇంకా 5 శాతం జీఎస్టీ, 38,000. దాని మీద టీసీఎస్, అంటే ఏజెన్సీ మన దగ్గర ముందే వసూలు చేసి కట్టే ట్యాక్స్, 2025-26 రూల్ ప్రకారం ప్యాకేజీ 10 లక్షల లోపైతే 5 శాతం, అంటే 39,900. మొత్తం 8,37,900 అవుతుంది, కొటేషన్లో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. టీసీఎస్ పోయే డబ్బు కాదు, మీ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సర్దుకోవచ్చు, 2024 అక్టోబర్ నుంచి జీతం తీసుకునేవాళ్లు ఆ వివరం ఆఫీసులో ఇస్తే నెలనెలా కోసే టీడీఎస్‌లోనే తగ్గిస్తారు, మీరైతే మీ జీతం బిల్లు పెట్టే ఆఫీసర్‌కి, అంటే డీడీవోకి ఇవ్వాలి. అందుకే ప్యాకేజీ తీసుకుంటే డబ్బు మీ అకౌంట్ నుంచి మీ పాన్ మీదే కట్టండి, మేడం పాన్ మీద కడితే ఆ 39,900 కోసం ఆమె రిటర్న్ వేసి రీఫండ్ కోసం ఎదురు చూడాలి. అదే మీరు టికెట్లు ఒక చోట, హోటల్ ఒక చోట, పాస్ ఒక చోట విడివిడిగా కొంటే అది టూర్ ప్యాకేజీ కిందకి రాదు, ఆ టీసీఎస్ ఉండదు.

ఇప్పుడు మీ చేతిలో ఉండబోయేది చూద్దాం. చీటీ 5 లక్షలు, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా 6 నెలలు 30 వేల చొప్పున 1,80,000, మొత్తం 6,80,000. సొంతంగా వెళ్తే పైన చెప్పిన 5,23,000కి మధ్యాహ్నం తిండి, టీలు 44,000, జాకెట్లు, బూట్లు 25,000, చేతిలో అదనంగా 40,000 కలిపితే 6,32,000. సరిపోయి ఇంకా 48,000 మిగులుతుంది. ప్యాకేజీలో వెళ్తే మధ్యాహ్నం తిండి, బట్టలు కలిపి 9,06,900, చేతిలో అదనపు డబ్బు అసలు పెట్టుకోకపోయినా 2,27,000 తక్కువ. చూడండి సార్, ఆ లోటు దాదాపుగా గైడ్ ఖర్చంతే ఉంది. మీరు ఎఫ్‌డీ గురించి, ఈఎంఐ గురించి అడుగుతున్నది ఆల్ప్స్ కోసం కాదు, గైడ్ కోసం.

ఆ నో కాస్ట్ ఈఎంఐ సంగతి కూడా చెప్తాను. ఒకేసారి మొత్తం కడితే ఎంతకిస్తారు అని అడగండి, రేటు తగ్గిస్తారు, ఆ తగ్గేదే వడ్డీ. పైగా ప్రాసెసింగ్ ఫీజు. తిరిగొచ్చాక ఏడాది పాటు నెలకి 60, 70 వేలు కట్టాలంటే మీకు మిగిలే 30 వేలు ఏ మూలకి? వద్దు.

అయితే గైడ్ లేకుండా మీరిద్దరూ తిరగగలరా, అసలు ప్రశ్న ఇదే. నేను, మా ఆయన 2023లో వెళ్లాం, అందుకే ధైర్యంగా చెప్తున్నాను. ఇబ్బంది పడ్డ చోటు ఒక్కటే. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్లో కొండ రైలు ఎక్కుతాం, కాసేపటికి జ్వైలుట్షినెన్ అనే చిన్న స్టేషన్ వస్తుంది, అక్కడ రైలు రెండు ముక్కలవుతుంది, ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. మేం లౌటర్‌బ్రున్నెన్ వెళ్లాలి, కూర్చున్నది గ్రిండెల్‌వాల్డ్ సగంలో. ఎదురు సీటులో ఒక పెద్దావిడ మా చేతిలో కాగితం చూసి, తల అడ్డంగా ఊపి, ముందు బోగీల వైపు చెయ్యి చూపించింది. బ్యాగులు లాక్కుంటూ ప్లాట్‌ఫాం మీద పరిగెత్తాం, మేం ఎక్కగానే తలుపులు మూసుకున్నాయి. అంతే, ఎక్కేముందే బోగీ మీద రాసిన ఊరి పేరు చూసుకుంటే ఆ పరుగు కూడా ఉండదు. ఒకవేళ తప్పు ఊరికి పోయినా కంగారు లేదు, అవి అరగంటకొకటి వస్తుంటాయి, పాస్ ఉంది కాబట్టి మళ్లీ టికెట్ కొనక్కర్లేదు. ప్లాట్‌ఫాం నంబర్, టైము అన్నీ స్విస్ రైల్వే యాప్‌లో ఉంటాయి.

మేడం మోకాళ్ల కోసం ఒక్కటి చెయ్యండి, రోజుకో ఊరు మారొద్దు. లూసర్న్‌లో 3 రాత్రులు, ఇంటర్లాకెన్‌లో 4, చివరి రాత్రి జ్యూరిక్‌లో. పెట్టె రూములోనే ఉంటుంది, పొద్దున వట్టి చేతుల్తో వెళ్లి సాయంత్రం అదే రూముకి వస్తారు. హోటల్ స్టేషన్‌కి నడిచే దూరంలో ఉండాలి, దానికోసం 20 ఫ్రాంకులు ఎక్కువైనా ఇవ్వండి. లూసర్న్ నుంచి పడవలో విట్స్‌నావ్ వెళ్లి అక్కడ పళ్ల చక్రం రైలెక్కి రిగి కొండ మీదికి వెళ్లండి, ఆ రైలు 1871లో మొదలైంది, యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు, పడవా రైలూ రెండూ పాస్‌లోనే ఫ్రీ. స్టాన్సర్‌హార్న్ అనే కొండ కూడా ఫ్రీ. టిట్లిస్‌కి సగం ధర. లూసర్న్ నుంచి ఇంటర్లాకెన్ వచ్చే రైలు రెండు గంటలు, కుడి వైపు కిటికీ పట్టుకోండి, లుంగెర్న్ చెరువు కనిపించగానే మేడం మీతో మాట్లాడటం ఆపేస్తారు. పెద్ద పేరున్న గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ రైలు జోలికి పోవద్దు, పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి వేరేగా కట్టాలి, 8 గంటలు కూర్చోవాలి.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ ఒక్కటే ఖరీదు, 3454 మీటర్ల ఎత్తు, పాస్ మీద పై భాగానికి 25 శాతమే తగ్గింపు, మనిషికి సుమారు 160 ఫ్రాంకులు పడుతుంది. ఇక్కడే సొంతంగా వెళ్లడంలో ఉన్న లాభం తెలుస్తుంది. పైన కెమెరాలు పెట్టి లైవ్‌లో చూపిస్తుంటారు, పొద్దున్నే చూసి ఎండ ఉంటేనే టికెట్ కొనండి, ఇంటర్లాకెన్‌లో 4 రాత్రులు ఉండమన్నది అందుకే. ప్యాకేజీలో మంగళవారం అని రాసి ఉంటే మంగళవారమే, మబ్బులో తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడకపోయినా మీ 17,600 అయిపోయినట్టే. పైన గాలి పలచగా ఉంటుంది, వెళ్లేముందు ఇద్దరూ బీపీ చూపించుకుని డాక్టర్‌ని అడగండి.

మిగిలే 48,000తో లూసర్న్‌లో మొదటి రోజు సగం పూట ఒక లోకల్ గైడ్‌ని పెట్టుకోండి, ఊరు చూపిస్తాడు, రైలు బోర్డు ఎలా చదవాలో, పడవ ఎక్కడెక్కాలో దగ్గరుండి చూపించమనండి. ఆ సగం రోజుతో మీ భయం చాలావరకు పోతుంది. లేదు, మాకు 8 రోజులూ మనిషి పక్కన ఉండాల్సిందే అంటే అది కూడా తప్పు కాదు, కానీ అప్పుడు 2027 మేకి వెళ్లండి, నెలకి ఆ 30 వేలే దాస్తూ పోతే అప్పు లేకుండా గైడ్ డబ్బు కూడా సమకూరుతుంది. దసరా సెలవుల్లో వెళ్లొచ్చు గానీ బతుకమ్మ వదిలేసి రమ్మని మేడంని అడిగే ధైర్యం మీకుందా? గైడ్ ఉన్న ప్యాకేజీయే తీసుకుంటే ఏజెన్సీని కొన్ని అడగండి, గ్రూపులో ఎంతమంది, గైడ్ హైదరాబాద్ నుంచే వస్తాడా అక్కడ కలుస్తాడా, యుంగ్‌ఫ్రావ్ టికెట్ రేటులో ఉందా, ఫ్రాంక్ పెరిగితే తేడా ఎవరు కడతారు. చివరిది కాగితం మీద రాయించుకోండి.

డబ్బు తీసుకెళ్లేటప్పుడు ఫారెక్స్ కార్డులో ఫ్రాంకులే వేయించండి, యూరోలు వేస్తే అక్కడ గీసిన ప్రతిసారీ మార్పిడి కోత పడుతుంది. మెషీన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని ఫ్రాంకులే నొక్కండి. కూప్, మిగ్రోస్ అనే సూపర్ మార్కెట్లు పెద్ద స్టేషన్ల దగ్గరే ఉంటాయి, పెరుగు, బ్రెడ్డు, పళ్లు అన్నీ దొరుకుతాయి, ఇంటి నుంచి పచ్చడి సీసా, పులిహోర పేస్ట్ తీసుకెళ్తే మధ్యాహ్నం ఖర్చు సగం తగ్గుతుంది. నీళ్లు కొనొద్దు, కుళాయి నీళ్లు తాగేవే.

వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, ఫీజు మనిషికి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అకౌంట్‌లో మనిషికి రోజుకి 100 ఫ్రాంకులు చూపించగలగాలి. చీటీ డబ్బు జనవరిలో ఒక్కసారిగా 5 లక్షలు పడుతుంది కాబట్టి ఎక్కడిది అనే ప్రశ్న రాకుండా చీటీ కంపెనీ ఇచ్చే కాగితం జత చెయ్యండి.

వీటన్నిటికంటే ముందు, ఈ వారమే ఎన్‌ఓసీకి, అంటే మీరు విదేశానికి వెళ్లడానికి అభ్యంతరం లేదనే కాగితానికి, డిపార్ట్‌మెంట్‌లో అప్లికేషన్ పెట్టండి. 2026 వేసవిలో జనగణన పని మొదలవుతుందంటున్నారు, టీచర్లకి డ్యూటీలు పడే ఛాన్స్ ఉంది, కాబట్టి అది చేతికొచ్చేదాకా ఫ్లైట్ టికెట్ కొనొద్దు, హోటల్ కూడా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే బుక్ చెయ్యండి. ఈలోగా మేడం చేత రోజూ సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద అరగంట నడిపించండి, కొత్త బూట్లు వేసుకునే.