బాగున్న రోజును చూసి మాట ఇవ్వకు, తల్లీ

చిట్టితల్లికి,

నువ్వు ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ స్టూడియో పెడుతున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత సొంతంగా వ్యాపారం పెడుతున్న ఆడపిల్లవి నువ్వే అని ఒకపక్క గుండె నిండిపోయింది. రెండేళ్ళుగా ఆ మెడనొప్పి, భుజం నుంచి చేతిలోకి లాగే ఆ పోటు నిన్ను వదలడం లేదని తెలుసు కాబట్టి ఇంకోపక్క భయం వేసింది. పొద్దున్నే నీకు ఫోన్ చేసి "మెడ ఎలా ఉందే?" అంటే "బాగానే ఉన్నా పెద్దమ్మా" అన్నావు. నడుంనొప్పితో 26 ఏళ్ళు ప్రెస్సు నడుపుతూ అందరికీ నేనూ ఆ మాటే చెప్పాను, అందుకే ఆ గొంతు నాకు తెలిసిపోయింది. ఫోన్లో అయితే మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు అందరూ చెప్పేవి చెప్పేస్తాను. కనీసం ఆరు నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకో. ఆరోగ్య బీమా ఉద్యోగంలో ఉండగానే తీసుకో, ఫారంలో మెడనొప్పి సంగతి దాచకుండా రాయి, దాస్తే రేపు క్లెయిమ్ దగ్గర అదే అడ్డు పడుతుంది. మంచి కుర్చీ కొనుక్కో, స్క్రీను కళ్ళ ఎత్తుకు పెట్టుకో. ఇవి నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ అమ్మకు సగమే తెలుసు.

ప్రెస్సు పెట్టిన ఏడో ఏడు. అప్పటికి నడుంనొప్పి ఎడమ కాలిలోకి దిగి నాలుగేళ్ళయింది. ఆ నెలలో ఎందుకో పది రోజులు నొప్పి బాగా తగ్గింది. మెట్లు ఎక్కగలిగాను, వంగి కాగితాల రీము ఎత్తగలిగాను. ఇక పోయింది అనుకున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక బడి వాళ్ళు 8 వేల వర్క్‌బుక్కులు కావాలని వచ్చారు. మూడు వారాలు అడగాల్సిన పనికి పన్నెండు రోజుల్లో ఇస్తానన్నాను. ఆ పన్నెండు రోజులూ నేను ఆ వారంలో ఉన్నట్టే ఉంటానని లెక్క వేసుకున్నాను. నా ఆరోగ్యం ఎప్పుడూ అలా ఉండేది కాదని తెలిసీ వేసుకున్నాను.

అయిదో రోజుకి నొప్పి తిరిగొచ్చింది, ముందుకంటే రెట్టింపుగా. మందుల షాపులో ఒక నొప్పి బిళ్ళ కొన్నాను. అది చాలక ఇంకో షాపులో ఇంకో పేరుతో ఉన్నది కొన్నాను. ఒకటి డైక్లోఫెనాక్, ఒకటి ఐబుప్రొఫెన్. పేర్లు వేరైనా రెండూ ఒకే జాతి మందులని, రెండూ కడుపు లోపలి పొరను, మూత్రపిండాలను దెబ్బతీయగలవని నాకు తెలియదు. అడిగితే చెప్పేవారే, నేను అడగలేదు. తొమ్మిదో రోజు నుంచి విరేచనం తారులా నల్లగా అవుతోంది. అది కడుపులో రక్తం కారుతోందనడానికి గుర్తు. నేను మాత్రం అలసట అనుకుని, ఎవరికీ చెప్పకుండా, కటింగ్ మెషీన్ పక్కన నిలబడి ఫారాలు, అంటే పుస్తకం పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, లెక్కపెడుతూ ఉన్నాను.

పదో రోజు అక్కడే కళ్ళు తిరిగి పడిపోయాను. కుర్రాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళారు, రక్తం ఎక్కించారు. అక్కడితో అయిపోలేదు. మూడో ఫారానికి నేను తప్పులు దిద్దిన ప్రూఫు కాగితం నా సంచిలో ఉండిపోయింది. ఆ దిద్దుబాట్ల సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పని ఆగకూడదని కుర్రాళ్ళు తప్పులున్న పాత ప్లేటుతోనే 8 వేలూ కొట్టేశారు. వాళ్ళ తప్పేం లేదు, నేను ఎవరికీ ఏమీ చెప్పి ఉంచలేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. బడి ఆయన ఫోన్ చేస్తే ఆస్పత్రి మంచం మీద నుంచే "మెషీన్ పాడైందండీ" అన్నాను. జబ్బు అని చెబితే ఇక ఆర్డర్లు రావని భయం. ఆయన మంచివాడు, తనకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు. మెషీన్ చక్కగా తిరుగుతోంది. ఆయన ఒక్క నిమిషం నిలబడి చూసి వెళ్ళిపోయాడట. గొడవ చేయలేదు, డబ్బు వెనక్కి అడగలేదు. మళ్ళీ రాలేదు, అంతే. ఆలస్యాన్ని క్షమించేవాడే. నేనాడిన ఆ అబద్ధం తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పేస్తుంది.

అందుకే చెబుతున్నాను. తేదీ ఇచ్చేటప్పుడు నీ చెడ్డ వారాన్ని తలచుకుని ఇవ్వు. నొప్పి బాగా ఉన్న వారంలో ఎంత పని చేయగలవో అదే నీ అసలు కొలత. ముందే అయిపోతే ముందే ఇవ్వు, ఎవరూ బాధపడరు.

రోజు పనికి కూడా ఇదే లెక్క. ఆ తర్వాత నాకు దొరికిన ఫిజియోథెరపిస్టు ఒక పని చేయించింది. మూడు నాలుగు రోజులు, కొన్ని మంచివి కొన్ని చెడ్డవి, కూర్చున్నాక ఎన్ని నిమిషాలకు నొప్పి పెరుగుతోందో రాసుకోమంది. నాకు సగటున 25 వచ్చింది. అందులో అయిదో వంతు తీసేసి, 20 నిమిషాలకు అలారం పెట్టించింది. అలారం మోగితే నొప్పి ఉన్నా లేకపోయినా లేవాలి. నొప్పి లేని రోజున లేవడమే కష్టం, ఇంకో పేజీ చూసి లేద్దాం అనిపిస్తుంది. ఆ ఇంకో పేజీయే నన్ను రెండు రోజులు పడుకోబెట్టేది. నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ 40కి వచ్చాను. నువ్వు మౌస్ పట్టుకున్నాక ప్రపంచం మర్చిపోతావని తెలుసు. అలారం పెట్టుకో. గదిలో అవతలి మూల పెట్టుకో, కట్టేయాలంటే లేవాలి.

అలాగని మంచం పట్టమనడం లేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక భయంతో ఆరు వారాలు పడుకున్నాను. కండలు కరిగిపోయి, లేచాక నొప్పి ఇంకా ఎక్కువైంది. మెల్లగా అయినా కదులుతూ ఉండాలి. నిద్రను మాత్రం అమ్ముకోకు. నిద్ర చెడితే మర్నాడు నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే ఆ రాత్రి నిద్ర చెడుతుంది.

నీ పనులన్నీ ఒక కాగితం మీద రాసి మూడు కుప్పలు చెయ్. నువ్వే చేయాల్సినవి. ఇంకొకరికి నేర్పగలిగినవి. చెడ్డ రోజున పడుకుని కూడా చేయగలిగినవి, అంటే బిల్లులు పంపడం, ఫోన్లు మాట్లాడడం లాంటివి. మూడో కుప్పను మంచి రోజున ముట్టుకోకు, దాచుకో. రెండో కుప్పను మొదటి నెలలోనే నేర్పడం మొదలుపెట్టు. పాస్‌వర్డులు, ఫైళ్ళు ఎక్కడున్నాయో, ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో, రోజూ సాయంత్రం ఒక పుస్తకంలో రాసి వెళ్ళు. బ్యాంకులో సంతకం పెట్టగలిగే రెండో మనిషి ఉండాలి. నా సంచిలో ఉండిపోయిన ప్రూఫును గుర్తు పెట్టుకో.

కస్టమర్లకు కథంతా చెప్పక్కర్లేదు. "నాకు మెడ సమస్య ఉందండీ, మీటింగ్ మధ్యలో లేచి నిలబడతాను" అంటే చాలు. ఆలస్యం అవుతుందని తెలిసిన రోజే చెప్పు, కొత్త తేదీతో సహా చెప్పు. మెషీన్ పాడైంది అనకు.

మందుల సంగతిలో నా మాట కాదనకు. ఏ బిళ్ళ కొన్నా అట్ట వెనక అసలు మందు పేరు చదువు, డాక్టరుకు చూపించు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ లాంటివి బాగుందని నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేయకూడదు. చేతిలో పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా, నడకలో తూలు వచ్చినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళు. ఏ ఆర్డరూ దాని కంటే ముఖ్యం కాదు. ఇది రాస్తుంటే నా చేయి వణుకుతోంది.

స్కాన్‌లో ఏమీ లేదన్నారని ఏడ్చావట, మీ అమ్మ చెప్పింది. నన్నూ అలాగే పంపేశారు ఒకసారి. స్కాన్‌లో కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదమ్మా. మూడు నెలలు దాటిన నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. దెబ్బ మానిపోయినా నరాలు హెచ్చరిక మోగిస్తూనే ఉండవచ్చు, చిన్న తాకిడికే పెద్దగా అరవడం వాటికి అలవాటైపోతుంది. నువ్వు ఊహించుకుంటున్నావని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు.

నీకు గుర్తుందో లేదో, సెలవుల్లో ప్రెస్సులో కూర్చుని, కత్తిరింపు కాగితాల మీద బొమ్మలు వేసుకునేదానివి. నేను మెషీన్ పట్టుకుని నిలబడితే చాలు, ఎవరూ చెప్పకుండానే స్టూలు లాక్కొచ్చి నా వెనక పెట్టేదానివి. అయిదేళ్ళ పిల్లకు కనిపించింది, నేను అందరి దగ్గరా దాచుకుంటున్న నొప్పి. అప్పుడు నిన్ను "ఆడుకోపో" అని కసిరాను. స్టూలు మీద కూర్చుని ఉండాల్సింది.

ప్రారంభం రోజున వస్తాను. మీ అమ్మ వద్దంటోంది కానీ మధ్యలో రెండుసార్లు ఆగుతూ వస్తాను. ఈలోగా ప్రతి ఆదివారం ఫోన్ చెయ్. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నా అనకు. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో అంకె చెప్పు. ఈ రోజు నాది నాలుగు.

ఇట్లు,
నీ పెద్దమ్మ