షాట్‌గన్‌కు చోక్ ట్యూబ్‌ను ఎలా ఎంచుకోవాలి, ఎలా సంరక్షించాలి?

షాట్‌గన్ ఒకేసారి అనేక చిన్న గుళ్లను కాల్చే తుపాకీ; దాని బ్యారెల్ (గొట్టం) మూతిలో బిగించే చిన్న గొట్టమే చోక్ ట్యూబ్. అది మూతి దగ్గర దారిని కొద్దిగా ఇరుకు చేసి, గుళ్లు ఎంత దూరం వరకు గుంపుగా సాగాలో నిర్ణయిస్తుంది. 12 గేజ్‌లో (గేజ్ అంటే బ్యారెల్ లోపలి వ్యాసాన్ని సూచించే కొలత) చోక్ రకాలైన ఇంప్రూవ్డ్ సిలిండర్ సుమారు 0.25 మి.మీ., మాడిఫైడ్ 0.5 మి.మీ., ఫుల్ 0.9 మి.మీ. మేర ఇరుకు చేస్తాయి. 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తంలో పడే గుళ్లు ఈ మూడింటికీ వరుసగా స్థూలంగా 50, 60, 70 శాతం. దగ్గరి లక్ష్యానికి ఫుల్ చోక్ వాడడం చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే అంత దగ్గరలో గుళ్లు తగినంత విస్తరించవు. అయితే ఒకే చోక్ వేర్వేరు తూటాలతో వేర్వేరుగా ప్రవర్తిస్తుంది కనుక, మీరు వాడే తూటాతోనే పెద్ద కాగితంపై కాల్చి చూడడమే నమ్మదగిన పరీక్ష అని నా అభిప్రాయం. స్టీలు గుళ్లు సీసంలా నలగవు. తయారీదారు అనుమతించనిదే వాటిని ఇరుకైన చోక్‌లో కాల్చకూడదు.

సంరక్షణకు ముందు తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకోవాలి. తరువాత ట్యూబ్‌ను విప్పి, మసిని, ప్లాస్టిక్ అవశేషాలను బ్రష్‌తో తొలగించి, మరలకు పలుచగా గ్రీజు పూసి తిరిగి పూర్తిగా బిగించాలి. వదులైన ట్యూబ్‌తో గానీ, అసలు ట్యూబ్ లేకుండా గానీ కాల్చితే బ్యారెల్ మరలే దెబ్బతింటాయి.