ముందు బండిలో ఒక రాత్రి పడుకుని చూడండి మాస్టారూ

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట, టీచర్‌గా రిటైరయ్యానండి. నేనూ మా ఆవిడా ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు తిరుగుదామని చిన్న మోటార్‌హోమ్ (లోపలే పడుకునే ఏర్పాట్లున్న బండి) కోసం 12 లక్షలు పక్కన పెట్టా. మనవళ్ళతో కలిపి ఆరుగురం పట్టేలా సెకండ్ హ్యాండ్ ఫోర్స్ ట్రావెలర్ మినీ బస్సు తీసుకోమని మా అబ్బాయి అంటాడు, మారుతి ఈకో వ్యాన్ చాలని అల్లుడు అంటాడు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కూడా. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇద్దరి మాటా వినొద్దు మాస్టారూ, అమ్మగారి మోకాళ్ళని అడగండి. నిజంగానే అంటున్నా. ఈకో బయటి ఎత్తే ఆరడుగులు, లోపల ఎవరూ నిలబడలేరు, మరి అమ్మగారు పొద్దున్నే చీర కట్టుకోవాలంటే నిలబడాలిగా, రాత్రి రెండుసార్లు లేవాల్సొస్తే వంగి పాకి దిగాలిగా, ఇవన్నీ షోరూంలో సీట్లో కూర్చుంటే తెలీవు. హై రూఫ్ (పైకప్పు ఎత్తుగా ఉండే) ట్రావెలర్‌లో అయితే హాయిగా నిలబడొచ్చు, ఒక మూలన పోర్టబుల్ టాయిలెట్ కూడా పెట్టుకోవచ్చు.

అలాగని అబ్బాయి చెప్పిందే కరెక్టు అనుకోకండి. ఆరుగురూ కలిసి బండిలో పడుకునేది ఏడాదికి ఎన్ని రాత్రులు? సంక్రాంతికో ఎండాకాలం సెలవులకో రెండు మూడు. ఆ మూడు రాత్రుల కోసం మిగతా ఏడాదంతా సుమారు 20 అడుగుల బండిని బ్రాడీపేట లైన్లలో ఎక్కడ పెడతారండీ, ఎదురింటాయనతో రోజూ గొడవే. పిల్లలొచ్చినప్పుడు వాళ్ళకి పక్కనే ఒక రూము తీసుకుంటే సరిపోద్ది.

పైగా సెకండ్ హ్యాండ్ ట్రావెలర్లు ఎక్కువ శాతం ట్రావెల్స్‌లో తిరిగి తిరిగి వచ్చినవి, పసుపు నంబర్ ప్లేటుతో, అంటే కిరాయి బండి కింద ఉంటాయి. సీట్లు పీకి మంచాలేస్తే ఆర్‌సీలో ఉన్నదానికీ బండికీ పొంతన ఉండదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండి ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. సొంత వాడకం క్యాంపర్ వ్యాన్ (ఇలా మంచాలేసుకున్న బండి) నాన్ ట్రాన్స్‌పోర్ట్, అంటే కిరాయికి తిప్పని సొంత బండి కిందకే వస్తుంది, కాకపోతే ఆ మార్పు ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పాలి. లేకపోతే రేపు ఏదన్నా దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

నా లెక్క చెప్తా. ఏడాదికి 15 రాత్రుల లోపైతే ఈకోనే, సీట్లు పీకకుండా వెనక సీటు మీదుగా విప్పి పెట్టుకునే ప్లైవుడ్ మంచం చాలు, మోకాళ్ళకి ఇబ్బంది లేకుండా కుర్చీ ఎత్తులో ఉండేలా చేయించండి, బాగా అలసిపోయిన రోజు లాడ్జిలో దిగండి. 40 రాత్రులు దాటి తిరుగుతాం, బండి పెట్టుకోడానికి జాగా కూడా ఉందీ అంటే అప్పుడు పొట్టి వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం తక్కువున్న) హై రూఫ్ ట్రావెలర్ చూడండి. మధ్యలో ఉన్నారా, కొనకండి, అద్దెకి తీసుకుని తిరగండి. అసలు ముందు అల్లుడి స్నేహితుల్లో ఎవరిదన్నా ఈకో అడిగి సూర్యలంకలో ఒక రాత్రి పడుకుని రండి, రెండు పరుపులూ ఒక దోమతెరా చాలు, తెల్లారేసరికి మీకే తెలిసిపోద్ది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నా బండికి విజయవాడలో ఒకాయన చేత కప్‌బోర్డులు, సింకు, మడత టేబులు అన్నీ చేయించా, చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంది. శ్రీశైలం ఘాట్‌లో ఎక్కుతుంటే బండి ఏడ్చింది. కాటా మీద పెడితే తెలిసింది ఎంత బరువెక్కించానో. సింకు ఒక్కసారి కూడా వాడలా, గిన్నెలు రోడ్డు పక్క డాబా హోటల్ కుళాయి దగ్గరే కడిగాం. లీటరు నీళ్ళంటే కిలో, 20 లీటర్ల టిన్నులు రెండు పెట్టారంటే 40 కిలోలు, గుర్తుపెట్టుకోండి. అన్నట్టు శ్రీశైలం పోయేటట్టైతే దోర్నాల వైపు అడవి దారి రాత్రి తొమ్మిది దాటాక మూసేస్తారు, వెలుగుండగానే దాటెయ్యండి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నా. మా వ్యాన్‌లో సోలార్ పెట్టి రాత్రంతా ఏసీ నడుపుకోవచ్చా బ్రో?

జవాబు: కుదరదు తమ్ముడూ. టన్ను ఏసీ ఎనిమిది గంటలు నడిస్తే సుమారు ఐదారు యూనిట్ల కరెంటు తాగుద్ది. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీలో ఉండేదే 1.2 యూనిట్లు, లెడ్ యాసిడ్ అయితే అందులో సగమే వాడుకోవాలి. చిన్న వ్యాన్ పైన 300 వాట్ల ప్యానెల్ పట్టినా రోజుకి ఒక యూనిట్‌కి కాస్త అటూ ఇటూ. అదే 30 వాట్ల డీసీ ఫ్యాన్ రాత్రంతా తిరిగితే పావు యూనిట్. మన రోహిణి కార్తె ఎండల్లో బెజవాడ దగ్గర వ్యాన్‌లో పడుకోవడమే తప్పు, ఆ టైంలో అరకు వైపు వెళ్ళు, లేదా ప్లగ్ పాయింట్ ఇచ్చే చోట ఆపు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని మాత్రం నిద్రపోవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం మీదకొస్తది.

ప్రశ్న: బండిలో గ్యాస్ స్టవ్వా, ఇండక్షనా? (మంగళగిరి నుంచి ఒక గృహిణి)

జవాబు: ఇండక్షన్ పెద్ద బ్యాటరీ, పెద్ద ఇన్వర్టర్ అడుగుద్ది అమ్మా, చిన్న బండికి బరువూ ఖర్చూ రెండూ ఎక్కువే. 5 కిలోల సిలిండర్ తీసుకుని వంట బయట చెట్టు కిందే చెయ్యండి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందకి దిగి నేల మీదే నిలిచిపోద్ది, అందుకని సిలిండర్ పెట్టే చోట నేల మట్టంలో కన్నం ఉండాలి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ కట్టేశారో లేదో మీరే చూసుకోండి, మీ ఆయన్ని నమ్ముకోకండి.