పైన పెట్టే కామా ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. టీచర్స్ డే చార్టు మీద ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెడితే రైటన్నారు. నవంబరు 14న చిల్డ్రన్స్ డే చార్టు మీద కూడా అలాగే ఎస్ తర్వాత పెడితే తప్పన్నారు. రెండూ చాలామందికి సంబంధించినవే కదా, రూలు ఎందుకు మారింది? దానికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ అమ్మాయి తప్పు రాసినా ఆలోచించి రాసిందమ్మా, ముందు ఆ మాట చెప్పండి దానికి. రూలు మారలేదు. ఎవరిదో ఆ మాటను ముందు పూర్తిగా రాయాలి, ఆ తర్వాతే అపాస్ట్రఫీ.

హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాను. బోర్డు మీద అపాస్ట్రఫీ ఉన్నచోట సుద్దముక్కతో నిలువుగా గీత గీయించేదాన్ని. గీతకు ఎడమవైపు మిగిలింది అసలు మాటై ఉండాలి. టీచర్స్ దగ్గర గీస్తే ఎడమవైపు 'ఉపాధ్యాయులు' ఉన్నారు. చివర ఎస్ ఎలాగూ ఉంది కాబట్టి ఇంకో ఎస్ అక్కర్లేదు. మీ అమ్మాయి రాసినదాంట్లో ఎడమవైపు 'చిల్డ్రన్స్' మిగిలింది. అలాంటి బహువచనం ఇంగ్లిషులో లేదు, చిల్డ్రన్ అంటేనే పిల్లలు. అందుకే ఎన్ పక్కన అపాస్ట్రఫీ, ఆపైన ఎస్. మెన్, ఉమెన్ కూడా అంతే.

మదర్స్ డేలో ఆర్ పక్కనే అపాస్ట్రఫీ వస్తుంది, అంటే ఒక్క అమ్మ. అమెరికాలో ఆ రోజు కోసం పట్టుబట్టి సాధించిన ఆనా జార్విస్ కావాలనే ఏకవచనం పెట్టించింది, ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి అమ్మను తలుచుకోవాలని. నాకు చాలా ఇష్టమైన అపాస్ట్రఫీ అది.

మన పిల్లలు తడబడటానికి కారణం ఉంది. 'మామయ్య ఇల్లు' అంటాం, మధ్యలో ఏమీ రాదు. 'యొక్క' అని ఇంట్లో ఎవరూ అనరు. బళ్లో నేర్చిన ఆ యొక్కను పట్టుకుని 'ద హౌస్ ఆఫ్ మై అంకుల్' అని రాస్తారు. వ్యాకరణం తప్పు కాదు గానీ 'మై అంకుల్స్ హౌస్' అన్నదే సహజం. ఒకచోట మాత్రం రెండు భాషలూ కలుస్తాయి. 'అన్నావదినల ఇల్లు' అని చివరి మాటనే మారుస్తాం. ఇంగ్లిషులోనూ ఇల్లు ఇద్దరిదీ ఒకటే అయితే వదిన పక్కన ఒక్క అపాస్ట్రఫీ చాలు.

లీవ్ లెటర్ మీద కూడా ఈ గీత గీయించండి. ఒక రోజు సెలవైతే 'డే' తర్వాత, రెండు రోజులైతే 'డేస్' తర్వాత. నేను దిద్దిన లెటర్లలో చాలావాటికి అసలు అపాస్ట్రఫీయే ఉండేది కాదు.

'ఇట్స్' దగ్గర మాత్రం జాగ్రత్త. 'దాని' అనే అర్థంలో అపాస్ట్రఫీ రాదు. హిజ్‌కీ అవర్స్‌కీ లేనట్టే దీనికీ లేదు. అపాస్ట్రఫీ ఉంటే అది 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హ్యాజ్'. అనుమానం వచ్చినప్పుడు 'కుక్క ఇట్ ఈజ్ తోక ఊపింది' అని పైకి చదివించండి. పిల్లలే రబ్బరు తీసి చెరిపేస్తారు.