చెయ్యి రెండుగా వచ్చిన ఫొటో గురించి

చిరంజీవికి,

వెలుతురు తేడాగా తీసిన ఫొటోల్ని ఎన్‌ఫ్యూజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా కలపడం మీద నీ వ్యాసం చేరింది. రెండు పేజీలు చదివి పక్కన పడేశాను. రాత్రి మళ్లీ తీశాను, ఉతికి ఆరేద్దామనే. నాలుగో పేజీలో మీ అమ్మమ్మ ఫొటో దగ్గర ఆగిపోయాను.

ముందు కోపం సంగతి. ‘ఈ కమాండ్ కాపీ చేసి పేస్ట్ చేస్తే చాలు’ అన్నావు. అందులో ఎక్స్‌పోజర్ వెయిట్ సున్నా, శాచురేషన్ వెయిట్ సున్నా, కాంట్రాస్ట్ వెయిట్ 1, చివర హార్డ్ మాస్క్. అంటే వెలుతురూ రంగుల గాఢతా పట్టించుకోకు, గీతలు ఎక్కడ స్పష్టంగా ఉన్నాయో అదే చూడు, ప్రతి చుక్కకీ ఒక్క ఫొటోనే ఎంచుకో అని. బాబూ, అది వెలుతురు తేడా ఉన్న ఫొటోలు కలిపేది కాదు. పురుగుల్నీ పువ్వుల్నీ దగ్గర్నుంచి తీసేవాళ్లు, ఒక్కో ఫొటోలో ఫోకస్ ఒక్కోచోట పెట్టి, తర్వాత కలుపుకోవడానికి వాడేది. ఎక్కడిదో ఎత్తుకొచ్చి అతికించావు, ఒక్కసారి కూడా నడపకుండా.

నడపలేదని ఎలా తెలిసిందంటే, నిన్ను పట్టిచ్చింది మీ అమ్మమ్మ చెయ్యే. మొదటి ఫొటో తీశాక ఆవిడ చెయ్యి కదిపింది. కలిపిన ఫొటోలో అది రెండు చోట్ల పలచగా ఉంది, వేలి ముడతలతో సహా. హార్డ్ మాస్క్ పెడితే అంత సన్నని గీతలు సగం సగం కలవవు, ఏదో ఒక ఫొటోలోవే వస్తాయి. అంటే నువ్వు ఎన్‌ఫ్యూజ్‌ని దాని మానాన వదిలేసి ఫొటో చేసుకున్నావు, పాఠకుడికి మాత్రం ఇంకేదో ఇచ్చావు.

దాని మానాన వదిలితే అదేం చేస్తుందో రాయాల్సింది. ఎక్స్‌పోజర్‌కి 1, శాచురేషన్‌కి 0.2, కాంట్రాస్ట్‌కి సున్నా. అంటే ఫొటోలో ప్రతి చుక్క దగ్గరా, మరీ చీకటీ మరీ తెలుపూ కాకుండా మధ్యస్థంగా ఏ ఫొటోలో ఉందో చూసి దాని మాట ఎక్కువ వింటుంది. అందుకే మొహం ఒక ఫొటోలోంచి వచ్చింది, కిటికీ బయటి చెట్టు ఇంకో దాంట్లోంచి. చుక్కకి చుక్క అలాగే కలిపితే అతుకులు కనబడతాయి కాబట్టి పెద్ద పెద్ద వెలుగునీడల్ని వెడల్పుగా, సన్నని గీతల్ని ఇరుగ్గా, పొరలు పొరలుగా కలుపుతుంది. సేవ్ మాస్క్స్ అన్న ఆప్షన్ పెట్టి నడిపితే ఏ ఫొటో మాట ఎక్కడ విన్నదో నలుపు తెలుపుల్లో బొమ్మలుగా ఇస్తుంది. ఆ బొమ్మలు చూడనివాడు దీని మీద వ్యాసం రాయకూడదు. ఇది నా మూర్ఖత్వం అనుకో, మార్చుకోను.

ఈ మూర్ఖత్వం ఊరికే రాలేదు. కొత్తలో నేనూ మూడు ఫొటోలు కలిపాను. చర్మం ఒకవైపు పసుపు, ఒకవైపు నీలం. సాఫ్ట్‌వేర్‌దే లోపమని తీర్పిచ్చి రెండు పేజీలు రాశాను, అచ్చయింది కూడా. తర్వాత చూసుకుంటే కెమెరాలో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని సరిచేసే అమరిక, ఆటోలో ఉంది, ఒక్కో ఫొటోకి ఒక్కో రంగు వేసుకుంది. సవరణ పంపితే ఎడిటర్ గారు వేయలేదు, ‘పాఠకులు మర్చిపోయి ఉంటారులెండి’ అన్నారు. నేను మర్చిపోలేదు. ఇంకో ఎడిటర్ అయితే ఆప్షన్ల ముందుండే రెండు చిన్న గీతలూ కలిపి అందంగా ఒక పొడుగు గీత చేశాడు. ఆ నెల నా కమాండ్ ఎవరి దగ్గరా నడవలేదు, తిట్లు మాత్రం నాకే వచ్చాయి. నీది ఎవరైనా అచ్చువేస్తే ఆ గీతలు దగ్గరుండి చూసుకో.

హెచ్‌డీఆర్ అనే మాట పదకొండుసార్లు వాడావు, లెక్కపెట్టాను. కొట్టెయ్. ఎన్‌ఫ్యూజ్ చేసేది అది కాదు. హెచ్‌డీఆర్ అంటే ముందు అన్ని ఫొటోల వెలుతురునీ ఒకే పెద్ద ఫైల్లో కట్టి, తర్వాత దాన్ని తెరకి సరిపడేలా కుదించడం. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే పరిశోధకులు 2007లో చెప్పిన, ఎన్‌ఫ్యూజ్ వాడే పద్ధతిలో అసలు విషయమే మధ్యలో ఆ ఫైలు కట్టకుండా నేరుగా కలపడం. ఒకప్పుడు హెచ్‌డీఆర్ పేరుతో నీలం సిరా ఒలికినట్టుండే ఆకాశాలూ, చెట్ల చుట్టూ తెల్లటి అంచులూ ఉన్న ఫొటోలు తెస్తే తప్ప నా వ్యాసాలు ఎవరూ ముట్టుకోలేదు. ఆ పేరు వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ట్రైపాడ్ ఉంటే, కలపకముందు ఫొటోల్ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చే అలైన్ ఇమేజ్ స్టాక్ అనే ప్రోగ్రాం అక్కర్లేదన్నావు. బటన్ నొక్కితే ట్రైపాడ్ కూడా కదులుతుంది, నడిపి చూడు. అయితే అది సరిచేసేది కెమెరా కదలికనే, మనిషి కదలికని కాదు. ఇంకోటి. ఫలితానికి అవుట్ డాట్ టిఫ్ అని పేరుపెట్టి, ఫొటోలకి స్టార్ డాట్ టిఫ్, అంటే ఆ ఫోల్డర్‌లోని టిఫ్ ఫైళ్లన్నీ, అన్నావు. రెండోసారి నడిపితే మొదటి ఫలితం కూడా ఫొటోల్లో కలిసిపోతుంది. ఒక మధ్యాహ్నమంతా నాకిలాగే పోయింది.

ఇక ఆ నాలుగో పేజీ. ‘క్షమించండి, మా అమ్మమ్మ కుదురుగా ఉండదు, చెయ్యి రెండుగా వచ్చింది’ అని బ్రాకెట్లో రాశావు. వ్యాసం మొత్తంలో నువ్వు నీ కళ్లతో చూసి రాసింది అదొక్కటే. దాన్ని బ్రాకెట్లోంచి తీసి మొదటి వాక్యం చెయ్యి. ఆవిడ ఎందుకు కదిపింది, నువ్వు రెండో ఫొటోకి షట్టర్ ఎంతకి మార్చావు, ఆ మధ్యలో ఎంతసేపు పట్టింది, అక్కడి నుంచి రా. కమాండ్ దానంతటదే వస్తుంది.

ఏ కెమెరా కొనాలో, ఎవరికి పంపాలో అడిగావు. తర్వాత చూద్దాం. ముందు కలపకముందటి ఆ రెండు ఫొటోలూ పంపు. చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడాలి.