అయిదు వేల కోట్ల ఆట, మూడున్నర లక్షల ఫీజు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల గుంటలు చేస్తాం. మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. ఎంసెట్ రాస్తాను గానీ బీటెక్‌లో చేరను, వీడియో గేమ్‌లు తయారుచేసే కోర్సు చేస్తానంటున్నాడు. జీటీఏ అనే గేమ్ ఒక్కరోజులో వేల కోట్లు సంపాదించిందని ఫోన్‌లో చూపించాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాదిన్నర డిప్లొమాకి మూడున్నర లక్షలు అడుగుతున్నారు. వంద శాతం ప్లేస్‌మెంట్ అట. ఈ నెలాఖరులోగా కడితే యాభై వేలు తగ్గిస్తారట. వాళ్లమ్మేమో ఇది కూడా రమ్మీ లాంటి జూదమేనని ఏడుస్తోంది. కట్టమంటారా, వద్దంటారా?

జవాబు: మీ అబ్బాయి చూపించిన అంకె నిజమేనండి. జీటీఏ 5 అనే ఆట 2013 సెప్టెంబరు 17న విడుదలై, మొదటి రోజే 80 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో దాదాపు 5,000 కోట్ల రూపాయలు. మూడు రోజులకే వంద కోట్ల డాలర్లు దాటింది. ఇప్పటికి 20 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఒకసారి కొని ఊరుకోవడం కూడా కాదు, ఆటలో వాడుకునే కార్లకీ ఇళ్లకీ బట్టలకీ జనం ఏళ్ల తరబడి అసలు డబ్బు పెడుతూనే ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద వీడియో గేమ్‌ల వ్యాపారం ఏడాదికి సుమారు 18,000 కోట్ల డాలర్లు. కాబట్టి పిల్లవాడు గాలి కబుర్లు చెబుతున్నాడని కసరకండి. వాడు ఒక పెద్ద పరిశ్రమ గురించి మాట్లాడుతున్నాడు.

వాడికి ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతుందన్నది.

ఒక ఆటని మన దేశంలో వంద రూపాయలకు అమ్మారనుకోండి. అందులో జీఎస్‌టీ కింద సుమారు పదిహేను పోతుంది. మిగిలిన దాంట్లో ఆటను అమ్మిపెట్టే ఆన్‌లైన్ దుకాణం, అంటే స్టీమ్, ప్లేస్టేషన్ స్టోర్ లాంటివి, మామూలుగా ముప్పై శాతం పట్టుకుంటాయి. ఇక అరవై రూపాయలు కూడా మిగలవు. ఆట తయారుచేయడానికి పెట్టుబడి పెట్టినవాళ్లని పబ్లిషర్ అంటారు. వాళ్లు ముందు తమ పెట్టుబడి, ప్రచారం ఖర్చు రాబట్టుకుంటారు. ఆ తర్వాతే ఒప్పందంలో రాసుకున్న ప్రకారం తయారుచేసిన స్టూడియోకి వాటా. ఆ స్టూడియోలో కూర్చుని బొమ్మ గీసినవాడికి, కోడ్ రాసినవాడికి నెల జీతం. బోనస్ ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.

బోనస్ సంగతి చెప్పాలంటే 2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగాస్ అనే ఆట ఉంది. దాన్ని తయారుచేసిన అబ్సిడియన్ స్టూడియోకి పబ్లిషర్‌తో ఒక షరతు. మెటాక్రిటిక్ అనే సైట్‌లో రివ్యూల సగటు మార్కు 85 వస్తేనే బోనస్. వచ్చింది 84. ఆట బ్రహ్మాండంగా అమ్ముడైంది, ఇప్పటికీ జనం ఇష్టంగా ఆడుతున్నారు, బోనస్ మాత్రం రాలేదు. ఆ ఒక్క మార్కు కథ మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి.

మీ పనిలోనే చూడండి. పట్టుబడి రోజు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) బాగుండి రేటు కలిసొస్తే ఆ లాభం గుంట యజమానిది, సీడ్‌కీ ఫీడ్‌కీ అప్పు పెట్టినవాళ్లది. రాత్రంతా మేలుకుని నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకున్న కుర్రాడికి నెల జీతమే. తెల్లమచ్చ రోగం వచ్చి గుంట మొత్తం పోతే ముందు పని పోయేదీ వాడికే. పెద్ద గేమ్ కంపెనీలో చేరే కొత్త ఉద్యోగి స్థానం కూడా అదేనండి. పైగా అక్కడి ఖర్చులు మామూలువి కావు. సోనీ వాళ్ల ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి దాదాపు 22 కోట్ల డాలర్లు అయిందని అమెరికా కోర్టు కేసులో బయటపడిన కాగితాల్లో ఉంది. అంత పెట్టి తీసిన ఆట నడవకపోతే?

నడవకపోతే ఏమవుతుందో 2024లో చూశాం. సోనీయే ఏళ్ల తరబడి తయారుచేయించిన కాంకార్డ్ అనే ఆటని ఆగస్టు 23న విడుదల చేసి, జనం రాకపోవడంతో రెండు వారాలకే ఆపేసింది. కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కి ఇచ్చింది. కొన్ని వారాలకి ఆ స్టూడియోనే మూసేసింది. సరే, అది ఫెయిలైన ఆట అనుకుందాం. హై-ఫై రష్ అనే ఆటని జనం మెచ్చుకున్నారు, అవార్డులూ వచ్చాయి. అయినా 2024 మేలో దాని స్టూడియోని మూసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. తర్వాత వేరే కంపెనీ కొనుక్కుంది కాబట్టి ఆ స్టూడియో బతికింది. అదే మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో దాదాపు 6,900 కోట్ల డాలర్లు పోసి యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని కొన్నది. మూడు నెలలు తిరిగేసరికి గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. కంపెనీ ఎంత సంపాదించింది అన్న అంకె చూసి ఉద్యోగం ఎంత గట్టిది అని లెక్కేయకూడదని నేను ఇంత గట్టిగా చెబుతున్నది ఇందుకే.

ఒక్కడే కూర్చుని ఆట చేసి కోటీశ్వరులైనవాళ్లు లేరా అని మీవాడు అడుగుతాడు. ఉన్నారు. మైన్‌క్రాఫ్ట్‌ని మొదట ఒక్క మనిషే మొదలుపెట్టాడు. 2014లో ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొన్నారు. నాకు మాత్రం స్టార్‌డ్యూ వ్యాలీ కథ ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. అదొక వ్యవసాయం ఆట. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఒక్కడే నాలుగున్నరేళ్లు చేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. కోట్లలో అమ్ముడైంది. అంతవరకూ వీడియోల్లో చెబుతారు. చెప్పని భాగం ఏమిటంటే, అతను కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చదివాడు. ఉద్యోగం దొరక్క, కోడింగ్ చేతికి అలవాటు కావాలని ఆట మొదలుపెట్టాడు. ఆ కాలంలో ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పనిచేశాడు, ఇల్లు ఎక్కువగా అతని స్నేహితురాలి సంపాదన మీదే నడిచింది. అంటే చదువు వెనక ఉంది, కడుపు నింపే ఏర్పాటు పక్కన ఉంది, ఆ తర్వాతే ఆట.

మన దేశంలో ఉద్యోగాలు ఉన్నాయి. జీటీఏ తీసే రాక్‌స్టార్‌కి బెంగళూరులో స్టూడియో ఉంది. పుణె, ముంబైల్లో యూబీసాఫ్ట్, హైదరాబాద్‌లో ఈఏ ఉన్నాయి. మొబైల్ ఆటలు చేసే చిన్న కంపెనీలు ఈ నాలుగు ఊళ్లలోనూ ఉన్నాయి. ఇక్కడ జరిగే పనిలో చాలా భాగం విదేశీ ఆటలకు బొమ్మలు, మోడళ్లు చేసిపెట్టడం, తప్పులు వెతికే టెస్టింగ్, ఫోన్ ఆటలు. కొత్తగా చేరేవాళ్లకి జీతం మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మాదిరే ఉంటుంది, టెస్టింగ్‌లో ఇంకా తక్కువ. అది తప్పు పని కాదు. కాకపోతే మీరు మూడున్నర లక్షలు కట్టేది ఏ కుర్చీ కోసమో తెలిసి కట్టాలి.

ఇక వాళ్లమ్మగారి భయం. దాన్ని కొట్టిపారేయకండి. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పేకాటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌నీ (పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లు) మామూలు ఆటల్నీ వేరుగా గుర్తించింది. మీవాడు చెప్పే పని ఈ రెండో రకానిది. కానీ రాత్రి రెండింటి దాకా బీజీఎంఐ అనే ఫోన్ ఆట ఆడుతున్నాడా, ఎవరి ఖాతాలోంచైనా ఆటలో డబ్బు పెడుతున్నాడా అన్నది అమ్మగారు అడగడం న్యాయమే. ఆమెకు ఎదురుగా కూర్చుని మీ అబ్బాయినే వివరించమనండి. ఫోన్ ఖర్చులు కూడా చూపించమనండి. బాగా ఆడటానికీ ఆట తయారుచేయడానికీ చాలా దూరం ఉందని ఆ సంభాషణలోనే వాడికీ అర్థమవుతుంది.

నా సలహా చెబుతాను. డిప్లొమాకి డబ్బు ఇప్పుడు కట్టొద్దు. బీటెక్ వదలొద్దు. ఆట మీద ఆశ కూడా చంపొద్దు.

బీటెక్ ఎందుకంటే, ఇంటర్ లెక్కల్లో చదివే మాత్రికలు, సదిశలు, త్రికోణమితి ఉన్నాయే, త్రీడీ ఆట మొత్తం వాటి మీదే నడుస్తుంది. కెమెరా ఎటు తిరిగిందో, తుపాకీ గుండు గోడకి తగిలిందో లేదో, కారు మలుపులో ఎంత జారాలో లెక్క కట్టేది ఆ సూత్రాలతోనే. ఇదంతా ఎంసెట్ కోసం బట్టీపట్టి మర్చిపోయే సరుకని పిల్లలు అనుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మంచి కాలేజీలో సీఎస్‌ఈ చదువుతూ సీ ప్లస్ ప్లస్, సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలు గట్టిగా నేర్చుకుంటే గేమ్ కంపెనీ తలుపూ తెరుచుకుంటుంది, అది మూసుకున్న ఏడాది మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీ తలుపూ ఉంటుంది. ఏడాదిన్నర డిప్లొమాతో ఆ రెండో తలుపు ఉండదు.

వాడికి కోడ్ కంటే బొమ్మల మీద మనసుంటే దారి వేరు. యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల బీడెస్, అంటే డిజైన్ డిగ్రీ చేయవచ్చు. పళ్ల డాక్టరు బీడీఎస్ అనుకునేరు, అది కాదు. ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. పరీక్ష జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి. ఈ ఏడాది తప్పినా వచ్చే ఏడాది ఒక అవకాశం ఉంటుంది. ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి వేరే పరీక్ష. దానికి మన రాష్ట్రంలోనే అమరావతిలో ఒక సంస్థ ఉంది, బెంగళూరు క్యాంపస్‌లో డిగ్రీ అయ్యాక గేమ్ డిజైన్‌లోనే పీజీ ఉంది. వీటిలో సీటు తేలిక కాదు. స్కెచ్ పుస్తకం నిండా సొంత బొమ్మలు ఉన్న పిల్లవాడైతేనే అటు చూడండి.

ఏది వాడి దారో తేల్చడానికి ఈ వేసవి చాలు. ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్ అయిపోయాక కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు వారాలు ఖాళీగా ఉంటాయి. ఆటలు తయారుచేసే గోడో, యూనిటీ, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు నేర్చుకునేవాళ్లకి అన్నీ ఉచితమే. గోడో అయితే ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. జీటీఏ లాంటిది కాదు, ఒక్క తెర మీద అయిపోయే చిన్న ఆట చేయమనండి. మొదలు, స్కోరు, శబ్దం, ఓడిపోతే మళ్లీ ఆడే బటన్, ముగింపు, అన్నీ ఉండాలి. సగం చేసి ఆపింది లెక్కలోకి రాదు. తర్వాత ఆ ఆట ఊళ్లో ఇద్దరు పిల్లల చేతికిచ్చి, పక్కన నోరెత్తకుండా కూర్చుని చూడమనండి. ఎక్కడ వాళ్లకి అర్థం కాలేదో, ఎక్కడ విసుగొచ్చి వదిలేశారో రాసుకుని, అది సరిచేయమనండి. ఈ సరిచేసే పని దగ్గరే తేలిపోతుందండి. ఆటల మోజు ఉన్నవాడు అక్కడ ఆపేస్తాడు. పని మీద ఇష్టం ఉన్నవాడు అన్నం మానేసి కూర్చుంటాడు. పూర్తయ్యాక ఇచ్.ఐఓ అనే సైట్‌లో డబ్బు కట్టకుండానే పెట్టుకోవచ్చు. రేపు ఏ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లినా సర్టిఫికెట్ కంటే ముందు అడిగేది అలా చేసి చూపించిన ఆటనే.

అప్పటికీ ఆ ఇన్‌స్టిట్యూట్ మంచిదేమో అనిపిస్తే, మీరే స్వయంగా వెళ్లి కొన్ని అడగండి. పోయిన బ్యాచ్‌లో చదివిన అయిదుగురితో ఫోన్‌లో మాట్లాడించమనండి, వాళ్లు ఏ కంపెనీలో ఏ పనిలో ఉన్నారో వాళ్ల నోటితోనే వినండి. పాఠం చెప్పేవాళ్లు ఏ ఆటకి పనిచేశారో, ఆ ఆట తయారుచేసినవాళ్ల పేర్ల జాబితాలో వాళ్ల పేరు ఉందో లేదో చూపించమనండి. వంద శాతం ప్లేస్‌మెంట్ అన్న మాట కాగితం మీద, ఉద్యోగం రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో కూడా కలిపి రాసివ్వమనండి. ఫీజుని వాయిదాలంటూ ఏదైనా ఫైనాన్స్ కంపెనీ లోన్‌గా మార్చి మీ సంతకం అడిగితే మాత్రం పెట్టొద్దు. కోర్సు మధ్యలో ఆగినా, ఆ సంస్థే మూతపడినా, ఆ ఈఎంఐ మీ ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటుంది.

నెలాఖరు గడువు గురించి టెన్షన్ పడకండి. ఈ యాభై వేల తగ్గింపు వచ్చే నెలా ఉంటుంది, ఆ పై నెలా ఉంటుంది. మీకు నిజంగా గడువున్నది ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే తేదీకే. అది మాత్రం దాటనివ్వకండి.