తుఫాను బలపడుతోంది, కోతకొచ్చిన వరిని ఆపాలా కోయాలా?

ప్రశ్న: సార్, మాది ఇబ్రహీంపట్నం దగ్గర. నాలుగెకరాల్ల తెలంగాణ సోన అనే సన్నవరి ఏసినం, కోతకొచ్చింది. రెండెకరాల పత్తి పగిలి ఉంది. తుఫాను కాకినాడ దిక్కు పోతుందని, ఒడ్డు దగ్గరికొచ్చే కొద్దీ ఇంకా బలపడుతుందని టీవీల చెప్తున్నరు. మనకు సముద్రం దూరమే కదా, ఇంకో వారం ఆగితే గింజ మంచిగ గట్టిపడతది అనుకుంటున్న. ఆగొచ్చా?

జవాబు (రాజేంద్రనగర్ నుంచి): సముద్రం దూరం అని మాత్రం ఆగకండన్నా. తుఫాను, తీవ్ర తుఫాను అనే పేర్లు గాలిని బట్టి పెట్టినవి, గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, వాన ఎంత పడుతుందో ఆ పేర్లల్ల ఉండదు. వెచ్చటి సముద్రం మీద ఉన్నంతసేపు అది ఆవిరి గుంజుకుని బలపడుతది, భూమి మీదికొచ్చినంక ఆ ఆవిరి తెగి గాలి తగ్గుతది కానీ అప్పటికే మోసుకొచ్చిన మబ్బు లోపలికొచ్చి కురుస్తది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది, మర్నాడు నీళ్లల్ల మునిగింది వరంగల్, హనుమకొండ. అందుకే తీరం ఎక్కడ దాటుతదని కాదు, బేగంపేట వాతావరణ కేంద్రం మన జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఇచ్చింది, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడుతదన్నది చూడండి. 24 గంటల్ల 115 మి.మీ. దాటేది అతి భారీ వర్షం, దానికి పండిన సన్నవరి నిలబడుడు కష్టం.

ఇప్పుడు మడి నడుమకు పోయి కంకులు తెంపి చూడండి, గట్టు మీదివి కాదు, అవి ముందే పండుతయి. కంకిల పైగింజలు ముందు, అడుగు గింజలు చివర్ల పండుతయి కాబట్టి అడుగువాటిని గోరుతో నొక్కండి. పాలు కారితే కోయకండి, ఒడ్డు తెంపి నీళ్లు మొత్తం తీసేసి ఉంచండి. గోరు దిగకపోతే, గింజల్ల 80, 90 శాతం బంగారు రంగుకొస్తే ఆగేది లేదు, తేమ 20, 22 శాతం ఉన్నా పర్లేదు, కొనుగోలు సెంటర్ల అడిగే 17 శాతానికి తర్వాత ఆరబెట్టుకోవచ్చు.

కానీ ఒక్క షరతు: కోసిన రోజే వడ్లు పైకప్పు కిందికో పరదాల కిందికో చేరాలె. మిషన్ దొరికింది కదా అని కోసి కల్లంల పోసి, పరదాలు రేపు తెచ్చుకుందాం అంటే నిలబడ్డ పంట కంటే ఎక్కువ నష్టం, కుప్ప తడిసి వేడెక్కి మొలకలొస్తయి, రంగు మారుతది. నన్నడిగితే పరదాలు సరిపడా లేకుంటే కోత ఆపడమే మేలు. కుప్ప ఎత్తు జాగల పొయ్యండి, చుట్టూ కాలువ తియ్యండి, పరదా అంచుల మీద ఇసుక సంచులు పెట్టండి.

తడిసిపోతే ఒక క్వింటా వడ్లకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి, కొన్ని రోజులు మొలక ఆగుతది. పొలంల పడిపోయిన వరికి వాన తెరిపిచ్చినంక లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా కొట్టండి, ఎకరాకు 200 లీటర్లు పడుతయి. పడ్డ దుబ్బుల్ని నాలుగైదు కలిపి లేపి కడితే గింజ బురదకు ఆనదు.

పత్తికి ఇంకేం లేదు, పగిలింది ఇవాళే ఏరండి, తడిసింది ఎండిందాంట్ల కలపకండి. వాన వెలిసినంక నీళ్లు తీసి 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి కొట్టండి, కాయ కుళ్లు కనిపిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరుకు 3 గ్రాములు, రెండూ కలిపి కాదు, విడివిడిగా.

నష్టం జరిగితే దాన్ని సదును చెయ్యకముందే ఫొటోలు తీసి ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పండి, పంట 33 శాతం పైన పోతేనే పంట నష్టం లెక్కల రాస్తరు.